కలివి పొద హద్దు

"ఇదేనయ్యా కలివి! మా తాత చూపించిన పొద ఇదే," అంటూ ముసలయ్య తన పల్లె వైపున్న పొద మొదట్లో తెడ్డు దిగేశాడు.

"కళ్ళేమైనా పోయేయేంటండీ? అది బలుసు. కలివి ఇదిగో, ఇక్కడుంది," అని అవతలి పొద దగ్గర్నుంచి అరిచాడు పోతురాజు. అండీ అయితే అన్నాడు గానీ, గొంతులో మర్యాద ఆవగింజంత లేదు.

ఓడలరేవు దాటాక సముద్రం ఒడ్డున రెండు పల్లెలు. ఒకదానికి ముసలయ్య పెద్ద, రెండోదానికి పోతురాజు. నడుమ కలివి పొదే హద్దని తాతలు చెప్పిపోయారు. కూతవేటు దూరంలో ఇంకో ముళ్ళపొద మొలుస్తుందని వాళ్ళేం కలగన్నారా? పళ్ళు చూసి పోల్చుకుందామంటే మేకలు ఒక్కటీ మిగల్చలేదు.

చేపల వేట నిషేధం నిన్నటితో తీరింది. రెండు నెలల పస్తు. ఇవాళ వల పడకపోతే పొయ్యి వెలగదు. అందుకే రెండు పల్లెల మగాళ్ళూ కర్రలు పట్టుకుని నిలబడ్డారు. ఆడవాళ్ళు తిట్లు అందుకున్నారు. నిన్నటిదాకా వియ్యమందుకున్నవాళ్ళే ఒకరి వంశాలొకరు తవ్విపోసుకుంటున్నారు.

నిజం ముసలయ్యకు తెలుసు. చిన్నప్పుడు నోరు నల్లబడేలా కలివిపళ్ళు తిన్నది పోతురాజు పక్కనున్న పొద దగ్గరే. పిల్లల కడుపు కోసం ఆడే అబద్ధం పాపం కాదని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు.

"కలివైతే తుంపగానే పాలు కారాలి. తుంపండి మరి, చూద్దాం!" అంది పోతురాజు భార్య అప్పలమ్మ.

ముసలయ్యకు తప్పలేదు. రెమ్మ తుంపాడు. చుక్క రాలేదు.

"ఎండలకి ఎండిపోయుంటుంది," అని గొణిగాడు.

"అదీ మీలాగే ఎండిపోయిందేంటండీ!" అంది అప్పలమ్మ. అవతలి పల్లె పల్లెంతా పగలబడి నవ్వింది.

పోతురాజు తన పొద రెమ్మ విరిచి పైకెత్తాడు. తెల్లటి పాలు బొట్లుబొట్లుగా మోచేతి మీదికి కారాయి.

"తేలిపోయిందండి, ఆయ్! హద్దు ఇక్కడే. ఇక మీ పని మీరు చూసుకోండి," అని తుండు దులిపి భుజాన వేసుకున్నాడు.

అతని పల్లెవాళ్ళు ఈలలు వేస్తూ పడవల వైపు పరుగెత్తారు. ముసలయ్య ఇసుకలో కూలబడ్డాడు. ఇంటికెళ్ళి పిల్లల మొహాలు ఎలా చూడాలో అతనికి తెలియలేదు.

రెండు పొదల నడుమ, తెల్లారేసరికి అల తెచ్చి పడేసిన శవం ఇప్పుడు ముసలయ్య పల్లెదే. కట్టుబాటు ప్రకారం దాన్ని సాగనంపి, మైల తీరేదాకా ఆ పల్లెలో ఎవరూ వల ముట్టకూడదు.