ఎదురింటి అభ్యంతరం

"ఈ లైటు కూడా పనికిరాదంటే ఇక నా వల్ల కాదు," అంటూ ఆమె స్టూలు దిగి స్క్రూడ్రైవర్‌ని సోఫాలోకి విసిరింది.

భర్త పేపర్లోంచి తలెత్తలేదు. "నేనేమన్నాను?"

"నువ్వు కాదు. ఎదురింటి పెద్దాయన."

కిటికీ పక్కన ఉప్పునీటి తొట్టె. అందులో ప్రాణమున్న పగడాలు, రెండు నారింజరంగు చేపలు. ఆమె కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబ్‌లో పనిచేస్తుంది. పంటికీ పంటికీ రంగులో తేడా రాకుండా చూడటం ఆమె పని. అది ముగిశాక మిగిలిన ఓపికంతా ఈ తొట్టెకే ధారపోస్తుంది. గోరంత ముక్కలు తెచ్చి పెంచిన పగడాలు ఇప్పుడు అరచేయంత అయ్యాయి.

పాత లైటు కాలిపోవడంతో మొదలైంది తలనొప్పి. షాపులో ఒక్కో లైటూ వెలిగించి చూపిస్తూ, పగడాలకి వెలుగే తిండి, తక్కువైతే వాడిపోతాయన్నాడు షాపాయన. ఆమె అన్నిటికన్నా కాంతి ఎక్కువున్నది ఎంచుకుంది. బిగించిన మర్నాటికే పగడాలు పువ్వుల్లా విచ్చుకున్నాయి. ఆ ముచ్చట తీరకముందే తలుపు చప్పుడైంది. సందుకి అవతలి మేడమీద ఉండే పెద్దాయన, మెట్లెక్కిన ఆయాసంతో నిలబడి ఉన్నాడు.

"అమ్మా, మీ కొత్త లైటు..."

ఆమెకి అర్థమైపోయింది. కళ్ళలో పడుతున్నట్టుంది, తగ్గిస్తాం, ఏమీ అనుకోకండి అని గబగబా చెప్పేసి తలుపేసింది. దాన్ని విప్పి అటకమీద పెట్టి, కాంతి తక్కువున్న నీలం లైటు తెచ్చింది. ఇప్పుడు బిగించింది అదే.

వారం తిరిగేసరికి పగడాలు ముడుచుకుపోయాయి. ఊదారంగుది మట్టిరంగుకి దిగింది. అయినా పెద్దాయన మళ్ళీ వచ్చాడు. ఈసారి తలుపు తీసిన భర్త, లైటు గురించేనట, నీతోనే చెప్తాడట అని లోపలికి వచ్చి చెప్పాడు. ఆమె కదల్లేదు. ఏదో ఒకటి చేస్తామని చెప్పి పంపెయ్యమంది.

మర్నాడు ల్యాబ్‌లో ఆమె చేసిన పన్ను రంగు కలవలేదని డాక్టరు తిప్పి పంపాడు. ఇన్నేళ్ళలో అలా జరగలేదు. ఇంటికొస్తూనే పాత కోపం, కొత్త కోపం కలిపి అటకమీది లైటు దింపి బిగించింది. కిటికీకి మందపాటి పరదా కట్టింది. ఇక ఎవరికీ ఒక్క కిరణం కూడా వెళ్ళదు.

రెండ్రోజులకి పగడాలు తేరుకుంటున్నాయి. ఆమె తొట్టె ముందు కూర్చుని, చాలాకాలానికి ప్రశాంతంగా టీ తాగబోతుండగా తలుపు చప్పుడైంది.

మళ్ళీ ఆయనే.

"ఇంకేం చెయ్యమంటారండీ? తగ్గించమంటే తగ్గించాను. నా పగడాలు చావబోయాయి. పరదా కూడా కట్టాను. తొట్టె ఎత్తి రోడ్డుమీద పెట్టమంటారా?"

పెద్దాయన గుమ్మం పట్టుకుని ఊపిరి కూడదీసుకున్నాడు.

"తగ్గించమని నేనెప్పుడన్నానమ్మా? మొదటి లైటు ఎంత బాగుందో చెప్దామనే వచ్చాను."

ఆమె చేతిలోని కప్పు కింద పెట్టింది.

"మరి ఇప్పుడెందుకొచ్చారు?"

"మంచాన పడ్డ మా ఆవిడకి కిటికీలోంచి కనిపించే మీ చేపలే లోకమమ్మా."