నాలుగో సీసా

లాండ్రీ ఆవిడ బావి నీళ్ళ బక్కెట్ తెచ్చి పెట్రోలు బంకు యజమాని బల్ల మీద, ఆయన ఫోను పక్కనే పెట్టింది.

“వాసన చూడండి.”

ఆయన చూడలేదు. కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు. కిందటిసారి పరీక్షలో నీళ్ళు శుభ్రంగానే ఉన్నాయనీ, ఈసారీ అదే తేలితే ఇక ఏ ఆఫీసువాళ్ళూ ఆవిడ మాట వినరనీ నెమ్మదిగా చెప్పాడు.

“బంకు పక్కన పెట్రోలు వాసన కాక అత్తరు వాసన వస్తుందా అమ్మా?”

“బంకులో వస్తే నాకేం. నేనుతికిన దుప్పట్లలో వస్తోంది. హాస్పిటల్ వాళ్ళు మూటలు మూటలుగా వెనక్కి పంపేస్తున్నారు.”

పరీక్షకి వచ్చిన అమ్మాయి గుమ్మంలో నిలబడి వింటోంది. ఉద్యోగానికి కొత్త. ఎవరి పక్షమూ మాట్లాడకుండా ప్రహరీ గోడ పక్కన నేలలోకి గొట్టం దింపించింది. పైకొచ్చిన మట్టి నల్లగా ఉంది, ముక్కులు బద్దలయ్యే వాసన. అది లెక్కలోకి రాదన్నాడు యజమాని. గోడ పక్కన లారీలు ఆగుతాయి, కారుతుంటాయి. భూమిలో ఉన్న తన ట్యాంకే కారితే బావిలో తేలాలిగా అన్నాడు. ఆ మాటలో తప్పేమీ లేదు కాబట్టి అందరూ లాండ్రీ వెనక ఉన్న బావి దగ్గరికి నడిచారు.

అమ్మాయి మూడు సీసాల నిండా బావి నీళ్ళు పట్టింది. ఆమె తెచ్చిన పెట్టెలో నాలుగో సీసా అప్పటికే నిండుగా ఉంది. అదేమిటని అడిగింది లాండ్రీ ఆవిడ.

“మంచినీళ్ళు పిన్నిగారూ, మా ల్యాబులోవి. దారిలో ఎక్కడైనా పెట్రోలు ఆవిరి సీసాల్లో చేరిందేమో తెలియాలిగా, అందుకని వీటి వెంటే తిప్పుతాం. ఇది శుభ్రంగా ఉంటేనే మిగతా వాటిని నమ్ముతాం.”

ఎండకి పెట్టెలో ఐసు కరిగిపోయింది. సీసాలు చల్లగా ఉండాలి. ల్యాబు వ్యాను మర్నాడు గానీ రాదు. అందాకా తన ఆఫీసు ఫ్రిజ్‌లో పెట్టుకోమన్నాడు యజమాని. అమ్మాయి తటపటాయించి, వేరే దారి లేక సరేనంది. ఫ్రిజ్‌లో చోటు చూసొచ్చేందుకు ఆయనతో వెళ్ళింది. తిరిగొచ్చేదాకా పెట్టెకి లాండ్రీ ఆవిడే కాపలా.

వాళ్ళు తిరిగొచ్చాక పెట్టె అమ్మాయి చేతికిస్తూ ఆవిడ యజమానికి వినబడేలాగే అంది. “దొంగ చేతికి తాళాలిచ్చినట్టుంది తల్లీ.”

ఆయన పట్టించుకోనట్టు నవ్వాడు.

వారం తర్వాత అదే ఆఫీసులో అమ్మాయి ఫలితం చెప్పింది. బావి నీళ్ళు పట్టిన మూడు సీసాలూ శుభ్రం. యజమాని హాయిగా కాళ్ళు చాపుకున్నాడు. తప్పయిందని అందరి ముందూ ఒప్పుకుంటే వదిలేస్తాననీ, లేదంటే పరువు తీసినందుకు కోర్టుకి లాగుతాననీ లాండ్రీ ఆవిడతో అన్నాడు.

“లాగండి. నా ముక్కు మీ సీసాల కన్నా పాతది.”

“చిక్కొకటుందండీ” అంది అమ్మాయి. మొహం పాలిపోయి ఉంది. “నాలుగో సీసాలో పెట్రోలు తేలింది. మా ల్యాబు నీళ్ళలో.”

యజమాని పడీ పడీ నవ్వాడు. “ఇంట్లో దీపం పెట్టలేనివాళ్ళు ఊరికి వెలుగిస్తారట. మీ మంచినీళ్ళ సంగతి ముందు చూసుకోండి మేడమ్.”

అమ్మాయి తలొంచుకుంది. ఆ సీసాలోకి పెట్రోలు ఎలా వచ్చిందో తేలకపోతే పరీక్ష మొత్తం కొట్టేసి ఫైలు మూసేస్తారనీ, తాను ఎక్కడ పొరపాటు చేసిందో ఎంత ఆలోచించినా అంతు పట్టడం లేదనీ అంది.

లాండ్రీ ఆవిడ లేచింది. నీళ్ళలో నాని పగిలిన రెండు చేతులూ బల్ల మీద ఆనించి, యజమాని కళ్ళలోకే చూస్తూ అమ్మాయికి జవాబు చెప్పింది.

“నీ పొరపాటేం లేదు తల్లీ. ఆ రోజు నువ్వు ఫ్రిజ్ చూడ్డానికి వెళ్ళినప్పుడు గొంతెండిపోయి, కళ్ళెదుట మంచినీళ్ళు చూసి ఆగలేక తాగేశాను. ఖాళీ సీసా ఇస్తే బాగుండదని, నువ్వు మూడింట్లో పట్టిన ఆ బావి నీళ్ళే నాలుగోదాంట్లోనూ పోసి మూత బిగించాను.”