ఇంతకన్నా చిన్నమాట లేదా?

హేమశ్రీ వ్యాసం రెండోసారి కూడా తిరిగొచ్చింది.

తిరుపతిలో బి.ఏ. మొదటి సంవత్సరం. చదవడం, రాయడం నేర్పే పేపరు. ఇచ్చిన విషయం చూస్తే నవ్వొచ్చేంత తేలిక: ‘మా ఇంటి పని’.

“ఇందులో మీ ఇల్లు యాడుండాది హేమా?” అన్నాడు ఇమ్మానుయేల్ సార్. “నగరిలో మరమగ్గం నడిపే ఇల్లు మీది. నువ్వు రాసింది గైడు పుస్తకం. సోమవారం ఇంకొకటి రాసుకోని రా. అదీ ఇట్లనే ఉంటే ఈ పేపరు మళ్లీ వచ్చే ఏడాదే.”

అసలే ఏడుపు ముఖం. దానికి తోడు శనివారం హాస్టలు మెట్ల మీద జారిపడి కుడిచేతి మణికట్టు విరగ్గొట్టుకుంది.

సార్‌కు ఫోన్ చేసింది.

“ఎవురిచేతన్నా రాయించు,” అన్నాడాయన. “పరీక్షల్లో మాదిరే. రాసేవాళ్ల చదువు నీకంటే తక్కువుండాల. చెయ్యి వాళ్లది, మాట నీది.”

ఆదివారం ఎముకల కట్లకు పేరుపడ్డ పుత్తూరు వెళ్లి కట్టు కట్టించుకుంది. ఆరేదాకా కదలొద్దన్నారు. బెంచీ మీద కూర్చుని ఎడమచేత్తో మొదలుపెట్టింది. కోడి కెలికినట్టు వచ్చాయి అక్షరాలు.

పక్కన కాలికి కట్టుతో ఒక పెద్దామె. ఉతికిన తెల్లచీర, ముక్కు మీద కళ్లద్దాలు.

రిటైరైన టీచరని హేమశ్రీ చూడగానే తేల్చేసింది. కళ్లద్దాలు కనబడితే చాలు, మనవాళ్లు ఎవరికైనా ఉద్యోగం ఇచ్చేస్తారు.

“ఇట్లియ్యి పాపా, నేను రాస్తా,” అంది ఆమె. “నా పేరు వసంతమ్మ. నువ్వు చెప్తా పో.”

సార్ పెట్టిన షరతు నాలుక చివరి దాకా వచ్చింది. హేమశ్రీ దాన్ని మింగేసింది. తెల్లారితే సోమవారం మరి.

“చానా మేలు టీచరమ్మా.”

టీచరమ్మా అన్న మాటకు వసంతమ్మ ముఖం విప్పారింది. పెన్ను పట్టుకుని నిటారుగా కూర్చుంది.

“నేటి ఆధునిక యుగంలో నేత పరిశ్రమ అనేక సవాళ్లను ఎదుర్కొంటున్నది,” చెప్పింది హేమశ్రీ.

పెన్ను కదల్లేదు.

“మీ ఇంట్లో ఇట్లనే మాట్లాడుకుంటారా?”

“లేదు.”

“మరి మీ నాయన ఏమంటాడు?”

“కరెంటు పోతే తల మింద చేతులు పెట్టుకుంటాడు. ఏమీ అనడు.”

“నువ్వేం చేస్తావు?”

“నిద్ర లేస్తాను.”

“లేస్తావా!”

“పుట్టినకాణ్ణుంచి మగ్గం మోతలోనే పండుకున్నాం. అది ఆగిపోతే మా ఇంట్లో అందరికీ మెలకువొస్తాది.”

వసంతమ్మ కళ్లద్దాలు సర్దుకుంది.

“అది చెప్పు. అది రాస్తా.”

రాసింది. ఒక్కో అక్షరం ముగ్గు వేసినంత నెమ్మదిగా రాసింది. టీచర్ల చేతిరాత అంటే ఇలా ఉండాలి అనుకుంది హేమశ్రీ.

“మా మాతృమూర్తి సామాజిక, ఆర్థిక...”

“ఇంతకన్నా చిన్నమాట లేదా?”

“యూనివర్సిటీలో ఇట్లనే రాయాల టీచరమ్మా!”

“ఏమో పాపా. నా చెయ్యి అంత దూరం పోదు. మీయమ్మ ఏం చేస్తాది, అది చెప్పు.”

“పోగు తెగితే ముడేస్తాది.”

“కండ్లతో చూసేనా?”

“వేళ్లతోనే. సూడకుండానే కనుక్కుంటాది. చేపలకూర గురించి మాట్లాడతానే ఉంటాది, ముడి పడిపోతాది.”

వసంతమ్మ పకపకా నవ్వింది. “ఆ పైన?”

ఆ ‘ఆ పైన’ హేమశ్రీని వదల్లేదు. ఎంత చెప్పినా ఇంకొకటి అడిగేది. పొడుగాటి మాట వస్తే పెన్ను ఆపేసేది. విసుగు పుట్టింది, తరువాత నవ్వు వచ్చింది, ఆ తరువాత మగ్గం పక్కన పెరిగిన పద్దెనిమిదేళ్లూ వాటంతటవే నోట్లోకి వచ్చాయి. ఒకటిన్నర పేజీకి మూడు గంటలు పట్టింది. లేచేటప్పుడు హేమశ్రీకి చెయ్యి నొప్పి కూడా గుర్తు లేదు.

సోమవారం సార్ ఆ వ్యాసాన్ని క్లాసులో చదివాడు. ‘మగ్గం ఆగితే మాకు మెలకువ వస్తుంది’ అన్న మొదటి వాక్యానికే వెనక బెంచీలు కూడా నోరు మూసుకున్నాయి. చదవడం అయ్యాక అందరూ చప్పట్లు కొట్టారు.

“ఇన్నాళ్లకు కనపడినావు హేమా,” అన్నాడు సార్. “మాట నీదేనా?”

“అంతా నాదే సార్.”

“అయితే ఈ ఫారం తీసుకో. రాసిపెట్టినోళ్ల పేరు, చదువు, సంతకం. వాళ్ల చదువు నీకంటే తక్కువే గదా?”

ఆనందమంతా ఎగిరిపోయింది. తేలు కుట్టిన దొంగలా తల ఊపి ఫారం తీసుకుంది. నాలుగు రోజులు అన్నం సయించలేదు. పుట్టాక మొదటిసారి తన మాటలు తనకే నచ్చాయి. ఎంత చదివిందో ఆ టీచరమ్మ ఒక్క ముక్క రాస్తే చాలు, అవి కాస్తా చెల్లకుండా పోతాయి.

శుక్రవారం కట్టు మార్పించుకోవడానికి పుత్తూరు వెళ్లింది. బెంచీ మీద వసంతమ్మ లేదు.

“నిన్ననే కట్టు ఇప్పేసినాం. ఊరికి పాయె,” అన్నాడు కట్టు కట్టే మునికుమార్. “మా ఊరే. ఏం పని పాపా?”

“ఈ కాయితంలో ఆమె సంతకం కావాలన్నా. ఆ టీచరమ్మ ఏం చదివినారో కూడా రాయాల,” అంది హేమశ్రీ భయపడుతూనే.

“టీచరా!” మునికుమార్ చేతిలో కట్టుగుడ్డ పట్టుకునే నవ్వాడు. “ఆమె మేకలు మేపే వసంతమ్మ పాపా, ఆర్నెల్ల కిందట పెద్దోళ్ల బడిలో అ ఆలు మొదలుపెట్టింది, నీ కాయితమే ఆమె జన్మలో రాసిన మొదటి కాయితం, యూనివర్సిటీకి రాసినానని ఊరంతా చెప్పుకోని తిరగతా ఉండాది!”