బెంచీ లేని టీ కొట్టు

టీ లోపలికి పంపనంది అసిరమ్మ.

"ఫ్లాస్కులో పోసి మేడ మీదికి పంపడానికి నీకేం కష్టం?" అడిగాడు పృథ్వీరాజ్.

"కట్టం ఏటీ లేదు. పంపను. కావాలంటే దిగి రండి."

అతను ఉద్యోగంలో చేరిన కొత్తలో మాట అది.

కొత్తవలస రైలు గేటుకి ఇటు ఆఫీసు. పట్టాలకి అటు అసిరమ్మ కొట్టు. గేటు పడితే ఇనుపరాయి మోసుకెళ్ళే గూడ్సు పోయేదాకా నిలబడాల్సిందే. ఆఫీసు గోడవారనే చోటు చూపిస్తానని వాచ్‌మన్ అప్పలసూరి చెప్పినా ఆమె రాలేదు.

కొట్టు ముందు ఒక్క బెంచీ కూడా లేదు.

"ఒక బల్లయినా వెయ్యరాదేటి అసిరమ్మా?" అనేవాడు ఆఫీసులో పనిచేసే గోపి.

"కూకోడానికి మీకు కుర్సీలున్నాయి కదేటి. ఇక్కడ నిలబడి తాగండి."

బేరం తెలియని మనిషని అందరూ నవ్వుకునేవారు.

ఆసుపత్రులకి నెట్‌వర్క్ పెట్టడం ఆ ఆఫీసు పని. కంపెనీకి సొంత క్లౌడ్ ఉంది. అంటే కింది గదిలో చలిలో హోరుమంటూ ఉండే సర్వర్లు. వెనకెప్పుడో ధర్మేంద్ర అనే అతను ఒక టెంప్లేటు రాసి పెట్టాడు. అందులో ఆసుపత్రి పేరు మార్చి నడిపిస్తే చాలు, అచ్చులోంచి ఇటుక దిగినట్టు నెట్‌వర్క్ అంతా దిగేది. ఫైలు నెత్తిన అతని పేరుంది. అతన్ని చూసినవాళ్ళు టీమ్‌లో ఎవరూ మిగల్లేదు.

ఆ టెంప్లేటులో ఒక వింత ఉంది. సగం నడిచాక ఆగిపోయేది. 'పావుగంట ఆగు' అని మధ్యలో రాసి ఉంది.

ఎందుకో ఎవరికీ తెలియదు. మిషన్లు కుదురుకోవాలి కాబోలు అనుకున్నారు. తీస్తే ఏం కూలుతుందోనని ఎవరూ ముట్టుకోలేదు.

"ఆగిందర్రా!" అని గోపి కేకేసేవాడు.

అందరూ లేచేవారు. మెట్లు దిగి, పట్టాలు దాటి, అసిరమ్మ ముందు నిలబడేవారు.

పృథ్వీరాజ్ పని నేర్చుకుంది ఆ పావుగంటల్లోనే. నీలవేణి టీ గ్లాసుతో గాల్లో గీతలు గీసి, ఏ మిషన్ ఏ మిషన్‌తో మాట్లాడుతుందో చెప్పేది. గూడ్సుకి పెట్టెలెన్నో పందేలు కాసేవారు. చలికాలం అసిరమ్మ పొయ్యిలో తేగలు కాల్చి చేతుల్లో పెట్టేది. వేళ్ళు కాలేవి. అయినా వదిలేవారు కాదు.

"ఈ ధర్మేంద్ర ఎవడో గానీ టీ పిచ్చోడు! ధర్మేంద్రకీ జై!" అనేవాడు గోపి.

ఆ పేరెత్తినవాడి గ్లాసు అసిరమ్మ మళ్ళీ నింపేది. అది కనిపెట్టి గోపి రోజూ జై కొట్టేవాడు.

తర్వాత పృథ్వీరాజ్ టీమ్ లీడరయ్యాడు. లీడరైనవాడు ఏదో ఒకటి తియ్యాలి. అతను ఆ పావుగంట తీసేశాడు.

ఏమీ కూలలేదు. నెట్‌వర్క్ ఎప్పటిలాగే లేచింది. పైవాళ్ళు మెచ్చుకున్నారు. మేడ మీదే టీ మిషన్ పెట్టించారు.

కొన్నాళ్ళకి అసిరమ్మ ఆఫీసు గేటు దగ్గరికొచ్చింది. పృథ్వీరాజ్ విసుక్కుంటూ దిగాడు.

"మీ ఆపీసు గుంటలు ఎవులూ టీకి రావట్లేదేటి బాబూ?"

"పని మధ్యలో ఆగడం లేదు. అందుకని రావట్లేదు."

"ఆగేది కదా."

"తీసేశాను. దాంతో అవసరం లేదు."

"మళ్ళీ పెట్టీ బాబూ."

పృథ్వీరాజ్‌కి నవ్వొచ్చింది. "నీ టీ అమ్ముడుపోవడానికి ఆసుపత్రుల పని ఆపమంటావా?"

ఆమె తలెత్తి మేడ మీది కిటికీ వైపు చూసింది.

"కూకున్నోళ్ళని కూసింత లెగమను బాబూ. అంతే."

వెళ్ళిపోయింది. అతను టీ మిషన్ దగ్గరికెళ్ళి కప్పు నింపుకున్నాడు.

నెలలు గడిచాయి. పని వేగంగా అవుతోంది. ఎవరి కుర్చీలో వాళ్ళు. గోపి కేకలు లేవు. సాయంత్రానికి కాళ్ళు వాచి చెప్పులు పట్టడం లేదని నీలవేణి ఒకసారి అంది. ఎవరూ తలతిప్పలేదు.

ఒక సాయంత్రం పృథ్వీరాజ్‌కి మిషన్ టీ గొంతు దిగలేదు. ఒక్కడే లేచి మెట్లు దిగి పట్టాలు దాటాడు.

కొట్టు లేదు. పొయ్యి రాళ్ళున్నాయి. వాటి మధ్య గడ్డి మొలిచింది.

తిరిగొచ్చి అప్పలసూరిని అడిగాడు.

"ఎల్లిపోనాది బాబూ. ఇంక నాకిక్కడ ఏటి పని అనీసింది."

"ఏ ఊరు?"

"సెప్పలేదు. మీరు ఆ పావుగంట తీసీసినారంట కదా."

"అది ఉత్తదే, అప్పలసూరీ. ఆ ధర్మేంద్ర టీ కోసం రాసుకున్నాడు."

అప్పలసూరి అతని వంక చూశాడు.

"ఆ పావుగంట ధర్మేంద్ర రాయలేదు బాబూ. ఆ ఫైలు పూర్తయ్యేదాకా ఆ గుంటడు కుర్సీలోంచి లెగనేదు. పూర్తయ్యాక లెగనేకపోనాడు. ఈ సేతుల్తోనే మెట్లు దింపాను."

రైలు గేటు పడింది.

"మరి ఎవరు రాశారు?"

"సెప్పొద్దన్నాది. తెలిస్తే గుంటలు జాలితో తాగుతారని."

గూడ్సు వచ్చింది. పెట్టె తర్వాత పెట్టె, ఆఫీసు అద్దాలు అదురుతూనే ఉన్నాయి. చివరి పెట్టె దాటాక అప్పలసూరి అన్నాడు.

"నీకేటి కావాలమ్మా అని ఆపీసు పెద్దోళ్ళడిగితే, పోయిన కొడుకు పానానికి బదులు ఆ పావుగంటొక్కటే అడిగి రాయించుకున్నాది అసిరమ్మ."