రొంటిన దోపిన చీటీ

“నీ చీటీ ఇది సిద్దక్కా. నీకోసమే రాసినా. ఎవురికీ చూపిచ్చొద్దు” అంది ఈశ్వరి.

సిద్దమ్మ దాన్ని విప్పకుండానే రొంటిన దోపుకుంది. ఏ కసువూడ్చేదాని వేషమో ఇచ్చింటుంది, ఈ పిల్ల!

రాయదుర్గంలోని ఆ జీన్సు కుట్టే షెడ్డులో అన్నాల వేళ. నిన్నటిదాకా ఆడవాళ్లంతా సిద్దమ్మ చుట్టూ మూగేవాళ్లు. ఏ పార్టీ గెలుస్తుందో, ఎవరు ఎవరిని ముంచారో ఆమె చెప్తే నోరు తెరుచుకుని వినేవాళ్లు. ఇవాళ కత్తిరించిన గుడ్డల మూటలెక్కి ఈశ్వరి చుట్టూ కూర్చున్నారు. మూటలకు అంటించే సైజు కాగితాల వెనక ఏదో గీకి, నిన్నగాక మొన్న చేరిన పిల్ల ఆట తయారుచేసిందట! చీటీలో ఎవరుంటే ఆ మనిషిలాగే మాట్లాడాలట!

“నాకు ఓటెయ్యండమ్మా, ఇంటింటికీ కొళాయి ఏపిస్తా” అంటూ లక్ష్మక్క చేతులు జోడించింది.

“పోయినసారీ ఇదే చెప్తివి. దాంట్లో గాలి తప్ప ఏమొచ్చె?” అంది త్రివేణి.

షెడ్డు రేకులదిరేలా నవ్వారు. తన మాటలకు ఏనాడూ ఇంత నవ్వు రాలేదు. సిద్దమ్మ మెల్లగా లక్ష్మక్క చెవి దగ్గరికి వంగింది.

“ఈయమ్మి అన్న ఏ జెండా పట్టుకోని తిరుగుతాడో తెల్సు కదా? ఈ ఆట ఆ పార్టీవాళ్లే చేపిచ్చినారంట. మన మాటలిని, ఎవురు ఎవురికి ఓటేస్తారో రాసుకుంటారంట. పింఛన్లు పీకేస్తారంట!”

జెండా మాట నిజమే. తక్కిన ముక్కలన్నీ సిద్దమ్మ అప్పటికప్పుడు అతికి కుట్టినవి.

మాట ఒక మూట నుంచి ఇంకో మూటకు పాకింది. నవ్వులు ఆగిపోయాయి. లక్ష్మక్క చీటీ విసిరికొట్టింది.

“మీయన్న పార్టీకి మా పేర్లు రాసిస్తావంటనే? మాయత్త పింఛను పోతే నువ్విస్తావా?”

ఈశ్వరి మొహం పాలిపోయింది. “ఎవురు చెప్పినారక్కా?”

“సిద్దక్క.”

అందరూ అటు తిరిగారు. “నీకెవురు చెప్పినారు సిద్దక్కా? చెప్పు మళ్ల!” త్రివేణి నిలదీసింది.

సిద్దమ్మ అన్నం గిన్నెకు మూత పెట్టింది. ఇక ఈ షెడ్డులో తన మాట వినే దిక్కుండదు.

ఈశ్వరి ఆమెనే ఒక క్షణం చూసింది. తర్వాత చప్పట్లు కొట్టింది.

“సిద్దక్క గెలిచె! ఆయక్క చీటీలో ఉండేదే అది. ఒక నిజానికి నాలుగు అబద్దాలు అతికి ఊరంతా తిప్పల్ల. మాయన్న జెండా ఒగటే నిజం. విచారించకుండా నమ్మితిరి, అందరూ ఓడిపోతిరి!”

“అబ్బబ్బ, ఏం నమ్మించినావు సిద్దక్కా!” లక్ష్మక్క ఆమె వీపు చరిచింది. మళ్లీ రేకులదిరాయి.

గంట మోగింది. మిషన్ల రొద మొదలైంది. సిద్దమ్మ తల వంచుకుని రొంటినున్న చీటీ తీసి విప్పింది.

‘సర్పంచి. ఏది నిజమో, ఏది అబద్ధమో తేల్చేది ఈమే. ఈమె మాట అందరూ నమ్ముతారు.’