నిలువుటద్దం ఉన్న గది

కాస్త ఆగండి. ఎంత పనున్నా సరే, రజనీకుమారి ముంబై ప్రయాణం సంగతి విని మరీ వెళ్ళండి.

భిలాయ్ ఖుర్సీపార్‌లో వాళ్ళ ఇల్లు. భర్త రాజ్‌కిరణ్ స్టీల్ ప్లాంటులో క్రేన్ నడుపుతాడు. పెళ్ళయినప్పటి నుంచీ వాళ్ళు ఎక్కడికి బయల్దేరినా షిఫ్టు అడ్డుపడేది. పూరీ యాత్ర అలాగే పోయింది, అమర్‌కంటక్ అలాగే పోయింది. ఈసారి మాత్రం వదిలేది లేదని రజని పట్టుబట్టింది. ముంబైలో తెలుగు పద్యనాటకం మరి. పెద్ద థియేటరు, లైట్లు, హార్మోనియం, ఒకే ఒక్క ఆట. ఇది తప్పిపోతే మళ్ళీ ఎప్పుడో ఏమో.

చిక్కల్లా అత్తగారు గున్నమ్మ. ఆవిడ తమ్ముడు పూర్వం నాటకాల పిచ్చిలో డ్యూటీలు ఎగ్గొట్టి ప్లాంటు ఉద్యోగం పోగొట్టుకున్నాడు. అప్పటి నుంచీ ఆ ఇంట్లో నాటకం అన్న మాట వినిపిస్తే చాలు, ఆవిడ అన్నం మానేస్తుంది. అందుకని రజని తన స్నేహితురాలు వనజాక్షికి ముంబైలో పెళ్ళి అని చెప్పింది. అది అబద్ధమని తెలిసిందా, ప్రయాణం అక్కడితో సరి.

ఇక ప్లాను మొదలైంది. హోటల్ థియేటరు పక్క వీధిలోనే ఉండాలి. రజని హిందీలో గుక్క తిప్పుకోకుండా అడుగుతుంటే ఫోన్లో మేనేజరుకి తల తిరిగిపోయింది.

"గదిలో నిలువుటద్దం ఉందా?"

"ఉంది మేడమ్."

"దానికి దగ్గర్లో మంచి లైటు?"

"పెట్టిస్తాం. హనీమూనా మేడమ్?"

"అలాగే అనుకోండి. లిఫ్టు వెడల్పుగా ఉంటుందా?"

హనీమూన్‌కీ లిఫ్టు వెడల్పుకీ సంబంధం ఏమిటో ఆయన అడగలేదు. మర్యాదస్తుడు.

డిన్నరు ఆట అయ్యాకే. మాటుంగాలో ఒక దోశల హోటల్లో పదింటికి టేబుల్ చెప్పేసింది. ఆ లోపల మొగుడికి గట్టి పథ్యం.

"మధ్యాహ్నం ఇడ్లీ. అంతే. పెరుగు ముట్టుకోవద్దు, ఐసు నీళ్ళు వద్దు."

"మనం నాటకానికి ఎల్తన్నామా, ఆపరేషన్‌కా?" అన్నాడు రాజ్‌కిరణ్.

సెలవు సంగతి అతని జతగాడు సురేశ్ చూసుకున్నాడు. "టెన్షన్ వద్దు భాభీ. భయ్యా డ్యూటీ నేను లాగించేస్తాను. నువ్వు ముందు లైన్లో కూకుని ఫొటోలు తీసి పంపు. పక్కా?"

"పక్కా."

బయల్దేరే రోజు పొద్దున్న రాజ్‌కిరణ్ మీసం లేకుండా బాత్రూంలోంచి వచ్చాడు. గున్నమ్మ చేతిలో చేట కింద పడింది.

"మీ అయ్య బతికుండగా మీసం తీసేస్తావేటిరా? పెళ్ళికెల్తూ ఇదేం సోద్దెం?"

"ట్రిమ్మరు జారిపోనాదే అమ్మా. ఒక పక్క ఎగిరిపోనాది. సగం మీసంతో ఎల్లమంటావేటి?"

బతికున్న అయ్య బంగారయ్య పేపరు దించకుండానే, "మళ్ళీ మొలుస్తాదిలేయే" అన్నాడు.

గున్నమ్మ కోపం సూట్‌కేసు మీదికి మళ్ళింది. "నీ పెళ్ళి పట్టుసీర పెట్టినావా?"

"పెట్టినాను అత్తా."

"వడ్డాణం? గాజులు?"

"అన్నీ పెట్టినాను. పువ్వులు అక్కడ కొంటాం."

"పెళ్ళికూతురి ఫొటో పంపు. నగలు కనబడేటట్టు తియ్యి. మర్సిపోకు."

లిఫ్టు వెడల్పు దాకా ఆలోచించిన మనిషి, ఈ ఒక్క సంగతి మర్చిపోయింది.

ముంబైలో అన్నీ అనుకున్నట్టే జరిగాయి. అద్దం నిలువెత్తున ఉంది, లైటు బాగుంది, లిఫ్టులో ఇబ్బంది లేదు. సాయంత్రానికి రజని చుడీదార్‌లో, ముందు వరసలో కూర్చుంది. పక్క సీట్లో జోగమ్మ అనే పెద్దావిడ, ఒళ్ళో పల్లీల పొట్లం.

"ఒక్కదానివే వచ్చావా అమ్మా?"

"మా ఆయనా వచ్చారండి. ఇక్కడే ఉన్నారు."

"బయట సిగరెట్టా? మొదటి సీను చూసిన మగాణ్ణి నేనింతవరకూ ఎరగను."

రజని దోశల టేబుల్ సంగతి చెప్పేసరికి ఆవిడ పొట్లం పక్కన పెట్టి మరీ నవ్వింది. "పద్యనాటకానికొచ్చి పదింటికి దోశలా? జనం వన్స్‌మోర్ అంటే ఆ పద్యం మళ్ళీ పాడాలి తల్లీ. మీకు తెల్లారి టిఫినే."

తెర లేచింది. రాణి వచ్చింది. ఆ నడకకే హాలంతా సద్దుమణిగిపోయింది. మొదటి పద్యం ఆఖరి రాగం ఇంకా గాల్లో ఉండగానే వెనక నుంచి, పక్కల నుంచి ఒకటే వన్స్‌మోర్లు.

"ఏం పిల్లమ్మా," జోగమ్మ పల్లీలు నమలడం ఆపేసింది. "కళ్ళు తిప్పుకోనివ్వడం లేదు."

రజని గర్వంగా ఒక ఫొటో తీసింది. సరిగ్గా అప్పుడే ఫోన్ వణికింది. గున్నమ్మ. రజని ఎత్తలేదు. వెంటనే వాయిస్ మెసేజ్ వచ్చింది. చెవికి ఆనించుకుని వింది.

"పెళ్ళికూతురి ఫొటో ఏదే? వీధిలో ఆడోళ్ళందరూ నా సుట్టూ కూకున్నారు. ఇప్పుడు రాకపోతే మీరు పెళ్ళికి ఎల్లనేదనుకుంటాను."

ఫోన్లో పంపదగ్గది ఇప్పుడు తీసిన ఆ ఒక్క ఫొటోనే. నగలు బాగా కనబడుతున్నాయి. తల వంచుకున్న రాణి అచ్చం పెళ్ళికూతురిలాగే ఉంది. రజని వేలు బటన్ దాకా వెళ్ళి ఆగిపోయింది.

ఆగక ఏం చేస్తుంది, రజని పెళ్ళి పట్టుచీరలో, నున్నగా గీసిన పెదవి మీద సిగ్గుల నవ్వుతో ఆ ఫొటోలో నిలబడ్డ రాణిగారు గున్నమ్మ కన్నకొడుకు రాజ్‌కిరణే అయినప్పుడు, మీరైతే పంపేవారా?