పది నిమిషాల బ్యాటరీ

భీమిలి దీపస్తంభం వీధిలో అందరి ఉమ్మడి సర్వర్‌ను ఇంట్లో పెట్టుకుని చూసుకునే వంతు ఈ ఏడు టైలర్ పైడమ్మది. వీధిలో నీళ్ల మోటార్లు మొదలు పక్కింటి సూర్యకాంతం ఊపిరి మిషను దాకా అన్నీ ఆ పెట్టె మీదే నడుస్తాయి. ఉప్పుగాలికి అది కూర్చునే ఇనుప రాక్ కాళ్లు తుప్పు పట్టిపోయాయి. కంపెనీవాళ్లేమో ఆ రకం చేయడం మానేశారు. కొత్తది బయట చేయిస్తానంది పైడమ్మ.

"బయట సేయించిన రాకు కూలిపోతే ఎవుల్ది పాపం?" అని వీధంతా నస పెట్టింది. పైడమ్మ చెవిన పెట్టలేదు. జాకెట్టుకు కొలతలు తీసినట్టు పాత రాక్ మీద కాగితం పరిచి బోల్టు రంధ్రాలన్నీ గుర్తు పెట్టింది. బీరువాలు చేసే అప్పలస్వామి చేత ఆ కాగితం ప్రకారం రాక్ చేయించి, వెనక గాలి ఆడేలా జాలీ వేయించింది. సర్వర్‌కు రెట్టింపు బరువున బియ్యం బస్తాలు ఎక్కించి మూడు రోజులు చూసింది. రాక్ వంగలేదు.

నాలుగోనాటి పొద్దున పెట్టెను కొత్త రాక్ మీదికి మార్చడం మొదలుపెట్టారు. మార్చేంతసేపూ దాన్ని నడిపే బ్యాటరీ పది నిమిషాలే వస్తుంది. మూడు బోల్టులు దూరాయి. నాలుగోది దూరదేమోనని పైడమ్మ సుత్తి కోసం చూసింది.

అప్పలస్వామి స్పానర్ అందుకుని, "సుత్తితో పనే నేదు వదినా" అంటూ బిగించేశాడు.

పైడమ్మ పరుగున పక్కింటికి వెళ్లింది. ముక్కుకు గొట్టం పెట్టుకుని సూర్యకాంతం తాపీగా చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"అయిపోనాదేటే?"

"అయిపోనాది పిన్నీ."

"అయితే కూకో. నాకు మిషనుంది గానీ, మూడ్రోజులై నువ్వే ఊపిరి పీల్చడం నేదు."